తవుడుకు కొన్న బిడ్డ

గుల్జార్‌బీ నోరు ఎంత పెద్దదంటే, వీధి ఈ కొసన నిలబడి తిడితే ఆ కొసన గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ళు లేచి లోపలికి పోయేవాళ్ళు. అట్లాంటి మనిషి చాటెడు తవుడు పోసి ఒక ఆడపిల్లను కొన్నది. కొన్నదంటే సంతలో బేరం కాదు లెండి, మన పక్క ఉండే ఆచారమే. పుట్టిన బిడ్డలు దక్కకుండా పోతుంటే, ఆ తర్వాత పుట్టినదాన్ని చాటలో పడుకోబెట్టి పొరుగింటామెకు తవుడుకు అమ్మేస్తారు. ఇక ఆ బిడ్డ కన్నతల్లిది కాదు కాబట్టి, వెంటబడిన కీడుకు ఇల్లు గుర్తు దొరకదని నమ్మకం. పుట్టువెంట్రుకలు తీయించిన నాడు తల్లి మళ్ళీ తవుడిచ్చి తన బిడ్డను తెచ్చుకుంటుంది. అందాకా పాలిస్తే ఇవ్వొచ్చు గానీ ముద్దులాడకూడదు, నా బిడ్డ అనకూడదు, మంచి పేరు పెట్టి పిలవకూడదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో బడి అయ్యవారు బాలసుబ్బయ్య ఇల్లూ, దూది ఏకి పరుపులు కుట్టే జమాల్ ఇల్లూ పక్కపక్కనే ఉండేవి. రెండు పెరళ్ళకూ నడుమ నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. జమాల్ భార్యే ఈ గుల్జార్‌బీ. నలభై దాటిన మనిషి, ఒక్కగానొక్క కూతుర్ని పులివెందులకు ఇచ్చి పెళ్ళి చేసింది. బాలసుబ్బయ్య భార్య లలిత అప్పటికింకా చిన్నదే, కానీ ఇద్దరు బిడ్డల్ని మట్టికిచ్చింది. ఇద్దరూ పాలు తాగుతూ తాగుతూ నీలమెక్కి పోయారు. మూడోసారి ఆడపిల్ల పుట్టగానే లలిత అత్త నాగరత్నమ్మ చాట పట్టుకుని వచ్చి గుల్జార్‌బీ గడప ముందు నిలబడింది.

"ఏమ్మే గుల్జారూ, కుప్పలో పారేసేకి పోతాండా దీన్ని. నీకేమన్నా కావల్నా?"

"నాకేం కర్మ వదినా! ఈ ఎలకపిల్లకు చాటెడు తవుడు పోస్తే నాకే నష్టం. సర్లే, పొద్దున్నే వచ్చినావు, పోస్తాలే."

అట్లా అనాలి. ఎంత హీనంగా మాట్లాడితే బిడ్డకు అంత మంచిది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. బిడ్డకు కుప్పమ్మ అని పేరు పెట్టారు. లలిత మాత్రం వాకిలి దాటి బయటికి రాలేదు.

మొదట్లో అంతా బాగానే జరిగింది. ఆకలి వేళకు గుల్జార్‌బీ బిడ్డను గోడ మీదుగా అందిస్తే, లలిత మొహం పక్కకు తిప్పుకుని పాలిచ్చి, మళ్ళీ గోడ మీదుగా అందించేది. "నీ బిడ్డ తాగిందక్కా" అనేది. ఒక్కోసారి 'నా' అనబోయి 'నీ' అని సర్దుకునేది. గుల్జార్‌బీకి అది వినపడేది. వినపడనట్టు "ఆ, తాగిందిలే పీనాసిది, ఇంత ఒళ్ళు గూడా చెయ్యదు" అని విసుక్కుంటూ లోపలికి తీసుకుపోయేది. లోపలికి పోయాక చూడాలి ఆమెను. పరుపులకు తెచ్చిన పత్తిలో మేలైనది ఏరి, దాని కింద మెత్తగా పరిచి, నుదుటి మీద ముద్దు పెట్టి, "నా బేటీ, నా రాణీ" అని గుసగుసలాడేది. జమాల్ చూసి నవ్వితే అతన్ని కూడా తిట్టేది.

మూడో నెల దాటేసరికి బిడ్డకు పాలు తాగడమే పెద్ద పని అయిపోయింది. నాలుగు గుక్కలు తాగేది, నుదురంతా చెమట పట్టేది, రొమ్ము వదిలేసి రొప్పేది. ఏడిస్తే పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడేవి. నాగరత్నమ్మ దిష్టి తీసింది. జమాల్ దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకుని వచ్చాడు. చివరికి ఊళ్ళో డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, పెదవి విరిచి, జమ్మలమడుగు పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు.

బాలసుబ్బయ్య రానన్నాడు. "ఇద్దర్నీ ఈ చేతుల మీద మోసుకపోయి పూడ్చినాను గుల్జారక్కా. ఆ ఆస్పత్రి గడప నేను తొక్కలేను, నా వల్ల కాదు" అని బడి దారి పట్టాడు. పిరికివాడని గుల్జార్‌బీ అతన్ని వీధి చివరిదాకా తిట్టిపోసింది గానీ, అతను తల వంచుకుని పోతున్న తీరు చూసి నోరు మూసుకుంది. ఆడవాళ్ళిద్దరూ బస్సెక్కారు. బిడ్డ గుల్జార్‌బీ ఒళ్ళోనే ఉంది. లలిత కిటికీ పక్కన కూర్చుని జమ్మలమడుగు వచ్చేదాకా బయటికే చూసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు పరీక్ష చేసింది. గోళ్ళు చూసింది, పెదవులు చూసింది, గొట్టం అటు పెట్టి ఇటు పెట్టి విన్నది. తర్వాత తలెత్తి, "తల్లి ఎవరమ్మా?" అని అడిగింది.

లలిత తల వంచుకుంది. గడ్డంతో గుల్జార్‌బీ వైపు చూపించింది.

"నేనే" అంది గుల్జార్‌బీ.

"ఈ వయసులోనా?"

"దేవుడిచ్చినాక వద్దంటామా తల్లీ!"

డాక్టరమ్మ లలిత వైపు తిరిగి, "నువ్వు కాస్త బయట కూర్చో అమ్మా. నేను తల్లితో మాట్లాడాలి" అంది. లలిత బయటికి పోయింది. గుల్జార్‌బీకి అప్పుడే ఇది నోటిమాటగా పోయేది కాదని తెలిసింది. నిజం చెబుదామని నోరు తెరిచేలోపే డాక్టరమ్మ మొదలుపెట్టింది.

"చూడమ్మా, నీకు అబద్ధం చెప్పను. బిడ్డ నీ కడుపులో ఉన్నప్పుడే దాని గుండె సరిగ్గా తయారు కాలేదు. లోపల గోడ ఉండాల్సిన చోట రంధ్రం ఉంది. మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతున్నాయి. అందుకే నీలంగా అయిపోతోంది. దీనికి మందు లేదు. ఇంత చిన్న గుండెను కోసి బాగుచేసే డాక్టరు ఇక్కడే కాదు, మద్రాసులో కూడా లేడు."

"అయితే?"

"ఎక్కువ కాలం ఉండదమ్మా. నెల కావచ్చు, కాస్త అటూ ఇటూ కావచ్చు. రొమ్ము పీల్చే ఓపిక దానికి లేదు, పాలు పిండి చెంచాతో పట్టు. నీలమెక్కినప్పుడు భయపడకు. ఇదిగో ఇట్లా మోకాళ్ళు రొమ్ముకు ఆనేటట్టు మడిచి ఎత్తుకో, సర్దుకుంటుంది." డాక్టరమ్మ బిడ్డను ఎత్తి చేసి చూపించింది. తర్వాత గుల్జార్‌బీ చెయ్యి పట్టుకుంది. "ఇంకో మాట. ఇట్లాంటి బిడ్డలు పుడితే తల్లులంతా తామేదో పాపం చేశామని కుమిలిపోతారు. ఇది నువ్వు తిన్నదాని వల్ల వచ్చింది కాదు, చేసినదాని వల్ల వచ్చింది కాదు. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఉన్నన్నాళ్ళూ దాన్ని ఒళ్ళో నుంచి దించకు. అమ్మ ఒడి కన్నా దానికి మనం ఇవ్వగలిగింది ఏమీ లేదు."

యా అల్లా! ఆ మాటలు ఎవరికి చెప్పాల్సినవి, ఎవరి చెవిన పడ్డాయి! నేను కాదమ్మా తల్లిని, బయట కూర్చున్న ఆ పిల్లే తల్లి, అని అరవాలనిపించింది గుల్జార్‌బీకి. ఇంతలో నర్సు ఇంకో బిడ్డను తీసుకొచ్చింది. ఊరందరికీ సమాధానం చెప్పే మనిషి, ఆరోజు బిడ్డను గుడ్డలో చుట్టుకుని మాట్లాడకుండా బయటికొచ్చింది.

"ఏమన్నాది అక్కా డాక్టరమ్మ, నీ బిడ్డను చూసి?" అని అడిగింది లలిత. ఆ పిల్ల కళ్ళల్లో ఆశ చూసి గుల్జార్‌బీ నిజం మింగేసింది.

"ఏముండాది! బలం సాలదంట. పాలు గిన్నెలోకి పిండి, చెంచాతో పట్టమన్నాది. అంతే."

"అంతేనా?" లలిత మొహం ఒక్కసారి వెలిగింది. "అయితే బతుకుతాది కదా అక్కా?"

"బతక్క ఏం చేస్తాది!"

ఆ రోజు నుంచి గుల్జార్‌బీకి తిండి సయించలేదు. లలిత పెరట్లో ఒక మూల కూర్చుని గిన్నెలోకి పాలు పిండి, గోడ మీద పెట్టి, మొహం తిప్పుకుని నిలబడేది. "తాగిందా అక్కా?" అని అడిగేది. గుల్జార్‌బీ ఒక్కొక్క చెంచా పడుతుంటే బిడ్డ ఆమె మొహంలోకే చూసేది. అమ్మను చూసినట్టు చూసేది. మధ్యలో ఎప్పుడైనా నీలమెక్కితే మోకాళ్ళు మడిచి రొమ్ముకు హత్తుకుని, అది మళ్ళీ ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది.

విషయం జమాల్‌కు ఒక్కడికే చెప్పింది. అతను దూది ఏకే విల్లు పక్కన పెట్టి, మీసాలకు అంటిన దూది దులుపుకున్నాడు.

"చెప్పెయ్యరాదా ఆ లలితకు" అన్నాడు.

"చెప్తే అది ఈ పొద్దే చస్తాది. నీకేం తెలుసు ఆడదాని కడుపు సంగతి!"

"నాకు తెలీదు. కానీ నువ్వు మోస్తాండేది ఇంకొకరి బిడ్డను. ఆ తల్లికుండే నాలుగు దినాలు గూడా నువ్వే తీసుకుంటాండావు."

జమాల్‌ను ఆరోజు ఆమె పట్టుకుని తిట్టిన తిట్లు ఇప్పటికీ ఆ వీధిలో చెప్పుకుంటారు. కానీ ఆ మాట ముల్లులాగా లోపలే ఉండిపోయింది. పైకి ఒప్పుకోలేదు గానీ, ఆమె భయం లలిత చస్తుందని మాత్రమే కాదు. బిడ్డను ఇచ్చేయాలంటే చేతులు రావడం లేదు. అది పచ్చి నిజం.

ఒక మధ్యాహ్నం బిడ్డ ఎంతసేపటికీ ఎర్రబడలేదు. చివరికి ఎట్లాగో సర్దుకున్నాక గుల్జార్‌బీ తలెత్తి చూస్తే, గోడ అవతల లలిత నిలబడి ఉంది. రెండు చేతులూ చంకల్లో దోపుకుని, పెదవి కొరుక్కుంటూ, చూడకూడదనుకుంటూ చూస్తూ ఉంది. గుల్జార్‌బీ ఇక ఆగలేకపోయింది. బిడ్డను ఎత్తుకుని వీధి గుమ్మం గుండా అయ్యవారి ఇంట్లోకి పోయింది.

"వదినా, నా తవుడు నాకియ్యి. నీ బిడ్డను నువ్వు తీసుకో. నాకొద్దీ బేరం" అంది నాగరత్నమ్మతో.

నాగరత్నమ్మ చాటలో బియ్యం వదిలేసి లేచింది. "నీకేమన్నా తిక్క పట్టిందా? పుట్టువెంట్రుకలు గూడా తియ్యలే! ఇప్పుడు తీసుకుంటే బిడ్డ దక్కుతాదా? చంపేకి వచ్చినావా నా ఇంటికి?"

"నాకు చాతకాదు. దీని ఏడుపుతో నిద్ర ల్యాక చస్తాండా. తీసుకోండి."

పెరట్లో నుంచి లలిత పరుగెత్తుకుని వచ్చింది. బిడ్డను అందుకోలేదు. గుల్జార్‌బీ కాళ్ళ దగ్గర కూలబడింది.

"అక్కా, నీకు దండం పెడతా. నీ చాకిరంతా నేను చేస్తా, దూది నేను ఏరిస్తా. దాన్ని మాత్రం నాకియ్యొద్దు. మొదటి ఇద్దర్నీ నేనే చంపుకున్నానక్కా. ఊరికే ముద్దులు పెట్టుకునేదాన్ని. ఒళ్ళో నుంచి దించేదాన్ని కాదు. నా దిష్టే తగిలింది వాళ్ళకు. దీన్ని ఒక్కసారి గూడా ముద్దు పెట్టుకోలే. ఒక్కసారి గూడా. అందుకే బతికుండాది."

గుల్జార్‌బీ నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఆచారం కోసం ఓర్చుకుంటోందనుకుంది. తన ప్రేమే విషమనుకుని బతుకుతోందని తెలియదు.

"లలితా, ఇట్ల చూడు. నేను నీకు అబద్ధం చెప్పినాను. ఆ డాక్టరమ్మ నీకు చెప్పాల్సిన మాట నాకు చెప్పింది, నేను అమ్మనన్నాను కాబట్టి. దీని గుండె కడుపులోనే తప్పుగా పుట్టిందంట. లోపల బొక్క ఉండాదంట. మందు లేదంట. మద్రాసులో గూడా లేదంట. శానా దినాలు బతకదు తల్లీ. నువ్వు తిన్నందుకు కాదు, చేసినందుకు కాదు, ఇసుమంత గూడా తల్లి తప్పు కాదు అని నా చెయ్యి పట్టుకోని చెప్పింది. నా చెయ్యి కాదు, నీ చెయ్యి అది. ఉన్నన్నాళ్ళూ ఒళ్ళో నుంచి దించొద్దని చెప్పింది. ముద్దులతో ఏ బిడ్డా చావదు మే!"

   లలిత నిదానంగా అడిగింది.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"జమ్మలమడుగు పోయిన్నాడే."

"అప్పట్నుంచి నేను గిన్నెలో పాలు పిండి, గోడ మీద పెట్టి, మొగం తిప్పుకోని నిలబడుకుంటే చూస్తా ఉన్నావా?"

గుల్జార్‌బీ తల వంచి బిడ్డ మొహంలోకి చూసింది.

"నా దినాలు తిన్నావు గుల్జారక్కా. నా బిడ్డ దినాలు నువ్వు తిన్నావు."

లలిత బిడ్డను లాక్కుంది. లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నాగరత్నమ్మ లోపలికి పోయి చాటలో తవుడు తెచ్చి, గుల్జార్‌బీ ముందు పెట్టింది. అట్లా ఆ బేరం తెగిపోయింది.

తర్వాత రోజుల్లో గోడ అవతల మాటలు వినిపించేవి. లలిత బిడ్డకు సులోచన అని పేరు పెట్టుకుంది. "నా తల్లీ, నా సులోచనా, నా బంగారుకొండా" అని ఎంతో కాలంగా దాచుకున్నదంతా ఒకేసారి ఒలకబోసేది. బాలసుబ్బయ్య బడికి సెలవు పెట్టాడు. బిడ్డ వేలు పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద అ ఆలు దిద్దించాడని నాగరత్నమ్మ ఎవరితోనో చెప్పి ఏడ్చింది. ఆరు నెలలు నిండని బిడ్డకు చదువు! పిరికివాడని అతన్ని తిట్టిన గుల్జార్‌బీ ఆ మాట విని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అటు పోదామంటే ఆ ఇంటి తలుపు ఆమెకు మూసి ఉంది. ఇటు చూస్తే ఒళ్ళు ఖాళీగా ఉంది. పత్తి ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి చేతులు ఆగిపోయేవి. ఆమెకు కూడా ఒక బిడ్డ పోతోందని ఊళ్ళో ఎవరికీ తోచలేదు.

"కొన్నాళ్ళు పులివెందులకు పోయి కూతురింట్లో ఉండు" అన్నాడు జమాల్. సరేనని మూట కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పుడే గోడ అవతల లలిత కేక పెట్టింది. "అయ్యో, నీలమెక్కింది, ఊపిరి తియ్యలా! ఏమండీ, ఏమండీ!"

మోకాళ్ళు! డాక్టరమ్మ చూపించింది తనకు కదా, గోడ అవతల నుంచి చూసిన లలితకు ఎట్లా మడవాలో ఎవరు చెప్పారు! కోపంలో తలుపు వేసుకున్న పిల్లకు అది ఒక్కటి చెప్పనే లేదు. గుల్జార్‌బీ మూట వాకిట్లోనే పారేసి, ఆ వయసులో, ఆ ఒంటితో, చీర దోపుకుని గోడ దూకింది. మోకాలు గీసుకుపోయింది. లలిత చేతుల్లో నుంచి బిడ్డను తీసుకోలేదు. ఆ చేతుల మీద తన చేతులు పెట్టింది.

"ఇట్ల మడువు. ఇంకా. మోకాళ్ళు రొమ్ముకు ఆనల్ల. గట్టిగా మడిచినా ఏం కాదు. ఇప్పుడు నీ ఎదకు ఆనించుకో. గమ్మునుండు, నువ్వు ఏడ్చొద్దు, నువ్వు ఏడిస్తే దానికి తెలుస్తాది. ఊ, చూడు, చూడు. వస్తాండాది ఎరుపు."

బిడ్డ పెదవులు నిదానంగా ఎర్రబడ్డాయి. లలిత గుల్జార్‌బీ భుజం మీద తల వాల్చింది. క్షమించానని అనలేదు, ఈమె కూడా అడగలేదు. పులివెందుల ప్రయాణం ఆగిపోయింది. అప్పటి నుంచి ఆమె ఆ ఇంట్లోనే ఉండి వంట చూసింది, నాగరత్నమ్మకు తల దువ్వింది, బాలసుబ్బయ్యకు బలవంతంగా రెండు ముద్దలు తినిపించింది. బిడ్డను మాత్రం లలిత ఒళ్ళో నుంచి ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంకా కొన్నాళ్ళు ఉంది సులోచన. ఒక ఉదయం ఎండ వాకిట్లోకి వచ్చే వేళ, అమ్మ ఒళ్ళో, అమ్మ మొహంలోకి చూస్తూ చూస్తూ ఊపిరి వదిలేసింది. ఆ వేళకు మోకాళ్ళు మడిచినా ఏమీ కాలేదు. బాలసుబ్బయ్య మూడోసారి చేతులు చాపాడు. లలిత బిడ్డను వెంటనే ఇవ్వలేదు. నుదురు, కళ్ళు, బుగ్గలు, చేతివేళ్ళు, కాళ్ళు, ఒకచోటు వదలకుండా ముద్దులు పెట్టుకుని, అప్పుడు ఇచ్చింది.

మరునాడు పలకరించడానికి వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. లలిత చాప మీద కూర్చుంది. వచ్చినామె వచ్చినట్టు ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, కాసేపు ఏడ్చి లేచిపోతోంది. గుల్జార్‌బీ వంటింటి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తోంది. వాళ్ళలో ఒక ముసలామె, మెల్లగా అన్నాననుకుని అందరికీ వినపడేటట్టు అంది. "పుట్టువెంట్రుకలు తియ్యకుండా ముందే వెనక్కి తెచ్చుకుంటే ఇంకేమైతాది? తల్లి ముద్దులాడింది, అయిపాయ."

గుల్జార్‌బీ చేతిలో చెంబు ఆగిపోయింది. తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో లలిత తలెత్తింది.

"అవును అవ్వా, ముద్దు పెట్టుకున్నా. కడుపు నిండా పెట్టుకున్నా. నా బిడ్డ ముద్దులతో చావలేదు, గుండె బాగలేక చచ్చింది. నా ఒళ్ళో చచ్చింది. ఆ మాత్రం నాకు దక్కిందంటే ఈమె వల్ల."

చాప మీద కాస్త జరిగి, పక్కన చోటు చూపించింది.

"గుల్జారక్కా, ఆ చెంబు ఆడ పెట్టి ఇట్ల రా. కూచ్చో. అమ్మా, పలకరించేకి వచ్చినోళ్ళంతా ఈమెను గూడా పలకరించి పొండి. బిడ్డ పోయింది ఈమెకు గూడా."

గుల్జార్‌బీ వచ్చి కూర్చుంది. ఎదురుగా ఉన్నామె కాస్త ముందుకు జరిగి, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. అంత నోరున్న మనిషి ఒక్క మాట కూడా అనలేక, ఆ చేతుల మీద తల పెట్టుకుని బావురుమంది.